మనుషులు లేని ఫొటో

మొన్న ఉల్లిపాయ ముక్కలు ఊరేద్దామని వెనిగర్ సీసా మూత తీశానో లేదో, ముక్కుకి ఘాటెక్కి, వంటింట్లో ఉన్నదాన్ని కాస్తా బందరు ఇనుగుదురుపేటలో మా పక్కింటి కరీం మావయ్య డార్క్‌రూమ్‌లో తేలాను. ఎర్ర బల్బు వెలుతురు, ఫొటోలు కడిగే పుల్లటి మందు తొట్లలో తేలే కాగితాలు, తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన ఫొటోలు, తలుపు అవతల నుంచి "సేమ్యా చల్లారిపోతోందండీ" అంటూ అత్తయ్య కేక, అంతా ఆ పుల్లటి వాసనలోనే ఉండేది.

మావయ్యకి కోనేరు సెంటర్ దగ్గర చిన్న స్టూడియో. పొద్దస్తమానం పెళ్లిచూపుల ఫొటోలు, అప్లికేషన్ ఫొటోలు తీసి తీసి మనుషుల మొహాలంటేనే విసుగొచ్చిందేమో, శుక్రవారం షాపు కట్టేసి, బడి వదలగానే నన్ను సైకిలు వెనకాల ఎక్కించుకుని ఊరి మీద పడేవాడు. కోట గోడలు, కాలువ లాకులు, గిలకలదిండిలో ఒడ్డుకి లాగిన పడవలు, వానాకాలంలో గూడూరు దారి పొడుగునా నీళ్లలో నిలబడ్డ వరిచేలు, ఇలా మా చుట్టుపక్కలవన్నీ తీసి, పెద్దవి చేసి, ఫ్రేములు కట్టి గోడ నిండా పెట్టాలని ఆయన కోరిక. ఫిల్ము రోలుకి వచ్చేవి పన్నెండు ఫొటోలే. కెమెరా కనబడితే చాలు జనం ఎగబడేవాళ్లు. వాళ్లని తరిమే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ల పిల్లకి అంత అధికారం దొరికితే ఊరుకుంటుందా? అబ్బో, నా పెత్తనం అంతా ఇంతా కాదు!

ఓ దసరా సెలవుల్లో హంసలదీవి వెళ్లాం. స్టూడియో ముందు గంప దించుకుని ఎండుచేపలు అమ్ముకునే నాంచారయ్యది ఆ పక్కనే పల్లె. "కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపిత్తా, రండి సాయిబుగారూ" అని తనే పిలిచాడు. కోడూరు దాకా బస్సు, తర్వాత ఎడ్లబండి, మడచెట్ల బురద వాసన, అడుగు వేస్తే బొరియల్లోకి పరిగెత్తే పీతలు, వాళ్ల గుడిసెలో వేడన్నంలోకి రొయ్యపొట్టు వేపుడు. నాంచారయ్య కూతురు నాగేసు నా ఈడుదే. కెమెరా వచ్చిందని ఏట్లో మునిగొచ్చి, తడి జుట్టే జడ వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని, సరిగ్గా మావయ్య కెమెరాలోకి తొంగి చూస్తున్న వేళకి నీళ్ల అంచున నిలబడింది.

"నన్నూ తియ్యి మావయ్యా" అంది.

నాంచారయ్య అవతల బండి దగ్గర ఎడ్లకి నీళ్లు పెడుతున్నాడు. రోల్లో మిగిలింది ఒక్కటే. మావయ్య తలెత్తి ఏదో అనబోయాడు. నేను ఆగానా! "అడ్డం లేవే! మనుషులొస్తే ఫొటో పాడైపోద్ది" అని భుజం పట్టుకుని పక్కకి నెట్టేశాను. ఆ పిల్ల నవ్వుతూనే తప్పుకుంది. మావయ్య ఫొటో తీశాడు.

ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. నాంచారయ్య వాళ్ల దివిసీమలో ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. కొన్ని వారాలకి నాంచారయ్య స్టూడియో మెట్ల మీద కనిపించాడు. పెళ్లామూ, కూతురూ ఇద్దరూ పోయారు. శవాలు కూడా దొరకలేదు.

"ఆ రోజు ఏటికాడ ఫొటో తీశారు కదండీ. దాంట్లో మా నాగేసు ఉంటది. తానం చేసి, పూలెట్టుకుని మరీ వచ్చింది. అదొక్కటి ఇప్పించండి బాబూ" అన్నాడు.

మావయ్య నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది. స్టూడియోలోని డార్క్‌రూమ్‌లోకి వెళ్లి ఆ నెగెటివ్‌ని ఎంత పెద్దది చేయగలడో అంతా చేశాడు. పావడా అంచో, చెయ్యో, ఏదో ఒకటి పడి ఉండకపోతుందా అని భూతద్దం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి వెతికాడు. నీళ్లు, ఇసక, ఆకాశం. ఎంత బాగుందో పాడు ఫొటో! అంత మంచిది ఆయన ఎప్పుడూ తీయలేదు.

నాంచారయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏదండీ?" అన్నాడు.

"తప్పు నాదేనయ్యా" అన్నాడు మావయ్య.

కాదు, నాది అని చెప్పాలని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని తలుపు చాటుకి తప్పుకున్నాను. నాంచారయ్య ఆ ఫొటో బల్ల మీద పెట్టేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. మావయ్య పోయాడు. నాంచారయ్య ఏమయ్యాడో తెలీదు. నాగేసు ఎలా ఉండేదో చెప్పడానికి బహుశా నేనొక్కదాన్నే మిగిలి ఉంటాను. కళ్లు గట్టిగా మూసుకుని ఎంత తన్నుకులాడినా ఆ మొహం రావడం లేదు. నా చేతికి తగిలిన తడి భుజం ఒక్కటే గుర్తుంది.