రాజోలు అను పిల్లి నామకరణ వివరము

మా గోదాము స్టోర్‌కీపర్ అయిన బాబాయ్ గత గురువారం ఆసుపత్రిలో కన్నుమూశారని ఇందుమూలంగా తెలియజేయడమైనది. వార్త గల్ఫ్‌లో, అల్ ఖూజ్‌లోని మా గోదాముకు టీ వేళ చేరింది. టీ చల్లారిపోయింది. ఇతర నష్టమేదీ కార్యాలయం దృష్టికి రాలేదు.

చీటీ కట్టనిది ఆయన లెక్కలో వస్తువే కాదు. పంపు వచ్చినా, చీపురు వచ్చినా అట్టముక్క మీద పేరు రాసి దారంతో కట్టేవారు. చీటీ ఉన్నదేదీ స్టోర్‌కీపర్ సంతకం లేకుండా గేటు దాటరాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఎక్కడో వెతికి ఒక కుర్చీ తెచ్చి, దానికి నా పేరు కట్టాకే కూర్చోనిచ్చారు. ఇన్నేళ్లలో ఆ కుర్చీని ఎవరూ ఎత్తుకుపోలేదు.

మా దగ్గర మనుషులను ఊరి పేరుతోనే పిలుస్తాం. ఆయన మాత్రం వయసు రీత్యా అందరికీ బాబాయ్.

కరోనా వచ్చిన ఏడాది విమానాలు ఆగి, ఊరెళ్లాల్సిన ఆయన సెలవు రద్దయింది. గోదాము మూతపడి, కాపలాకు ఆయనొక్కరే మిగిలిన వారాల్లో ఒక బూడిదరంగు పిల్లి వచ్చి చేరింది. గోదాము మళ్లీ తెరిచాక సేఫ్టీ ఆఫీసరు, కరీంనగర్ మనిషి, తనిఖీకి వచ్చాడు.

"బాబాయ్, గీ పిల్లిని తీసెయ్యాలె. పైనుంచి ఆర్డరొచ్చింది."

"మెళ్లో చీటీ ఉంది చూడండి. నా సంతకం లేకుండా ఎలా వెళ్తదండీ?"

ఆఫీసరు వంగి చదివాడు. "రాజోలా? గది నీ ఊరు గదా!"

"దానికి ఊరు లేదు కదండీ, నాది ఇచ్చేశాను. నేనెలాగూ వాడుకోడం లేదు."

"ఖలాస్. నీతోని నేను మాట్లాడ," అని ఆఫీసరు వెళ్లిపోయాడు. బాబాయ్ ఆ తరువాత కూడా సెలవు అడగలేదు.

శనివారం ఆయనను ఊరికి పంపాం. పెట్టెకు కార్గోవారు చీటీ అంటించారు. ఆ దస్తూరిని బాబాయ్ ఒప్పుకునేవారు కాదు.

సోమవారం నుండి స్టోరు బాధ్యత తాత్కాలికంగా నాది. జంతువు తొలగింపు ఫారం అదే రోజు వచ్చింది. స్టోర్‌కీపర్ సంతకం గడి ఖాళీగా ఉంది.

"సార్, సంతకం పెడ్తరా?" అని ఆఫీసరు రోజూ గుమ్మంలోనే నిలబడి అడుగుతున్నాడు. లోపలికి రాడు.

ఫారం ప్రస్తుతం కౌంటరు మీద, రాజోలు కింద ఉంది. నిద్రలో ఉన్న సరుకును కదిలించే నిబంధన ఏదీ నాకు కనబడలేదు. దాని మెడలో చీటీ అక్షరాలు వెలిసిపోతుంటే, నిన్న వాటి మీదే మళ్లీ దిద్దాను.