మెరుపా, గరుకా

అంబాజీపేటలో వెల్డింగ్ షాపు నడిపే అప్పలస్వామికి ఒక జబ్బుంది. చేసిన వస్తువు తళతళలాడాలి. పనికొస్తుందా లేదా అన్నది తరవాతి సంగతి. గేటు చేసినా, సైకిలు క్యారేజీ చేసినా ఇదే వరస. పక్కనే నా టైర్ల షాపు కాబట్టి ఆ తళతళల వర్ణన రోజూ భరించేవాణ్ణి నేనే.

ఈమధ్య కొబ్బరిచెట్టెక్కే మిషను తయారుచేశాడు. ఇనుప తాడుతో చెట్టుకి బిగించి, రెండు కాళ్లూ రెండు అల్యూమినియం పలకల మీద పెట్టి, ఒకదాని తరవాత ఒకటి పైకి జరుపుకుంటూ ఎక్కాలి. ఉప్పుగాలికి పలకలు పాడవకుండా అనోడైజింగ్, అంటే కరెంటుతో పైన గట్టి పొర ఎక్కించాలి. రాజమండ్రిలో రెండు రకాలు చేయించుకొచ్చాడు. ఒకటి అద్దంలా మెరిసేది, రెండోది మసిరంగు గరుకుది.

"గరుకుదే మంచిదయ్యా" అన్నాను.

"దాని మొహం చూసి ఎవడు కొంటాడండీ?" అన్నాడు.

మెరిసేవే బిగించి చెల్లెలు సత్యదుర్గ ఇంటికి పంపాడు. ఆమె మొగుడు గంగబాబు తోటల్లో కొబ్బరికాయలు దింపుతాడు. మర్నాడు పొద్దున్న ఆ మిషను చూడ్డానికి ఇద్దరం వెళ్లాం.

గంగబాబు చెట్టుకి దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. సగం దాటాక కుడికాలు పలక మీంచి సర్రున జారింది. సత్యదుర్గ కెవ్వుమంది. అతను రెండు చేతులతో చెట్టుని కరుచుకుని వేలాడుతున్నాడు. పలక కోసం కాలు వెతుక్కుంటోంది, దొరికినా మళ్లీ జారిపోతోంది. కింద మేం చేయగలిగిందేమీ లేదు. చివరికి మిషను వదిలేసి, ఛాతీ అంతా గీరుకుపోతున్నా చెట్టుని పట్టుకునే దిగాడు.

పొడుగు వెదురుగెడతో మిషను కిందికి దించాక అప్పలస్వామి పలక తడిమాడు. వేళ్లకి జిడ్డంటింది.

"దీనికి నూనె ఎవరు రాసేరు?"

"నేనే అన్నయ్యా. కొత్త కత్తి కొంటే తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాయమా? ఇదీ అంతేననుకున్నాను."

"కాలు పెట్టేదానికి రాస్తారా ఎవరన్నా? బుద్ధుందా నీకు?"

మొగుడి ఛాతీ మీద నెత్తురు తుడుస్తున్న సత్యదుర్గ తలెత్తింది. "నాకు లేదు, సరే. నువ్వు అమ్మే ప్రతి ఇంట్లోనూ నాలాంటిదొకతి ఉంటుంది. ఎంతమందికని చెప్తావు?"

అప్పలస్వామి షాపుకెళ్లి గరుకు పలకలు తెచ్చి బిగించాడు. నూనె సీసా అడిగి వాటికి దట్టంగా పట్టించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గంగబాబుని మళ్లీ ఎక్కించావంటే ఊరుకోను" అన్నాను.

అప్పలస్వామి తన చెప్పులు విప్పాడు. నిచ్చెనెక్కాలంటేనే వణికే మనిషి!

"వద్దన్నయ్యా" అంది సత్యదుర్గ, భుజం పట్టుకుని.

"ఇదీ జారితే మిషనే అమ్మను" అని విడిపించుకున్నాడు.

అడుగడుక్కీ ఆగి, మడమ అదిమి చూసుకుంటూ, గంగబాబు జారిన చోటు కూడా దాటాడు. అక్కడ చెట్టుని కావలించుకుని, కావాలనే కాలు గట్టిగా ముందుకి తోశాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పాదం పలక మీదే ఉంది.

"రాజమండ్రికి ఫోన్ చెయ్యండీ!" పైనించి ఏడుపు గొంతుతో అరిచాడు. "అన్నీ గరుకువే చెయ్యమనండి!"