అత్తగారిని అడగాల్సిన ప్రశ్న

ఎనభైల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో, ఒక ఆసుపత్రి గదిలో నాకు పట్టుకున్న భయం గురించి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా ఆవిడ పురుటికని అత్తగారు గోదావరి జిల్లా నుంచి వచ్చారు. మామగారు అప్పటికే లేరు. మా ఆవిడ ఒక్కతే కూతురు. నా ఎదుట కూర్చోవడం, నాతో నేరుగా మాట్లాడడం అత్తగారు ఎరగరు. మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో కూడా తలుపు చాటున నిలబడి, "అమ్మాయ్, అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అనేవారు. నేను ఇవతల సోఫాలోనే ఉండేవాణ్ణి. "తాగుతానని చెప్పు" అని నేనూ మా ఆవిడకే చెప్పేవాణ్ణి. మధ్యలో మా ఆవిడ లేకపోతే ఆ ఇంట్లో నాకు కాఫీ పుట్టేది కాదు.

బిడ్డ పుట్టిన వారానికి అత్తగారికి కడుపునొప్పి వచ్చింది. అజీర్తి అనుకుని వాము నమిలి పడుకున్నారు. పొద్దున్నకి ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే, అపెండిక్స్ పగిలి చీము కడుపులోకి పాకిందని అప్పటికప్పుడే ఆపరేషన్ చేశారు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కానీ రోజులు గడుస్తున్నా పొట్ట ఉబ్బే ఉంది. ముక్కులో గొట్టం, రెండు చేతులకీ సూదులు, పట్టీలు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత పేగులు కొంతకాలం పని మానేస్తాయని, మళ్ళీ కదిలాయనడానికి మొదటి గుర్తు గాలి పోవడమేనని సర్జన్ చెప్పాడు. నెమ్మదైన మనిషి. వచ్చినప్పుడల్లా ఆవిడ పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి విని, నావైపు తిరిగేవాడు.

"గ్యాస్ పాస్ అయిందేమో అడగండి."

నన్నే అడగమనేవాడు. ఆ ఆసుపత్రిలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ చూస్తే పచ్చి బాలింత.

అత్తగారిని అల్లుడు ఆ మాట ఎలా అడుగుతాడు? కిటికీ వంక చూస్తూ, "కడుపు కాస్త తేలిగ్గా ఉందాండీ?" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని తల అడ్డంగా తిప్పారు. నేను సర్జన్‌తో "నో" అన్నాను. ఇంటి నుంచి ఫోన్‌లో మా ఆవిడ అయితే తల్లిని సూటిగానే అడిగింది. కానీ అత్తగారి చెవి దగ్గర రిసీవర్ పట్టుకుని నిలబడ్డది నేను. "లేదమ్మా" అన్నారు నీరసంగా.

ఆ మధ్యాహ్నం సర్జన్ నన్ను వరండాలోకి పిలిచాడు. ఎక్స్‌రేలో స్పష్టంగా లేదట. పేగు ఎక్కడైనా మెలిపడి ఉండొచ్చట. రేపు మధ్యాహ్నం దాకా చూసి, ఇలాగే ఉంటే మళ్ళీ తెరవాలన్నాడు. "ఈ వయసులో, ఇంత ఇన్ఫెక్షన్‌తో రెండోసారి అంటే..." అని ఆగిపోయాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడకేమైనా అయితే ఇంటికి వెళ్ళి, చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకున్న మనిషితో ఏమని చెప్పాలి? ఆ మాటలు ఎలా మొదలుపెట్టాలో వరండాలో నిలబడే కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. అంత పిరికివాణ్ణి.

ఆఫీసులో నా పక్క టేబుల్ దగ్గర ఒక కొరియా ఇంజనీరు ఉండేవాడు. వాళ్ళక్క కొరియాలో వాళ్ళ సంప్రదాయ వైద్యం చదివి, ఇక్కడ లైసెన్స్ తీసుకుని సూదుల వైద్యం చేస్తోంది. పేగులు కదలడానికి ఆ సూదులు పనికొస్తాయని అతను ఫోన్‌లో అన్నాడు. నాకు అదీ భయమే. ఉన్న సూదులు చాలవా? సర్జన్‌ని అడిగితే కాసేపు ఆలోచించి, సూదులు కాళ్ళకే, నోట్లోకి చుక్క కూడా పోకూడదు, నిప్పు అసలే వద్దు, పక్కన ఆక్సిజన్ ఉంది అన్నాడు. ఆ సాయంత్రమే వచ్చిన కొరియా ఆవిడ అన్నిటికీ ఒప్పుకుంది. తెచ్చిన కషాయం ఫ్లాస్క్ మళ్ళీ సంచిలో పెట్టేసింది. కాల్చి సెగ పెట్టడానికి తెచ్చిన ఎండాకు డబ్బా మూత తెరిచి, ఊరికే అత్తగారి ముక్కు దగ్గర పట్టింది.

అత్తగారు కళ్ళు తెరిచారు. "మాచిపత్రి" అన్నారు, ఎవరితోనూ కాదు.

నిజమే. వినాయకచవితి పత్రిలో కలిపే మాచిపత్రి వాసనే. అంతవరకూ దుప్పటి బిగించి పట్టుకున్న మనిషి కాళ్ళు చాపారు. మోకాళ్ళ కింద సూదులు గుచ్చుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున సర్జన్ మళ్ళీ అడగమన్నాడు. నేను మళ్ళీ అదే "తేలిగ్గా ఉందాండీ". ఆవిడ మళ్ళీ తల అడ్డంగా తిప్పారు. ఆయన ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమని నర్సుకి చెప్పి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది కొరియా ఆవిడ. వస్తూనే నన్ను బయటికి పొమ్మంది. "నిన్న చూశాను. నువ్వు మాట్లాడితే చాలు, ఆమె పొట్ట బిగబడుతోంది. మా దేశంలోనూ అల్లుడి ముందు అత్త నోరు విప్పదు" అని ఇంగ్లీషులో ముక్కలుముక్కలుగా చెప్పి తలుపు వేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. తలుపుకి చెవి ఆనించాను. కాసేపటికి లోపల ఎవరో పెదాలతో బుర్రుమని చప్పుడు చేశారు. తర్వాత అత్తగారి గొంతు, నొప్పితో మూలుగుతూనే నవ్వుతున్నట్టు.

కొరియా ఆవిడ పరుగున బయటికి వచ్చింది. "గ్యాస్ నిన్నటినుంచే పోతోంది! డాక్టర్‌ని పిలువు!"

సర్జన్ వచ్చి, పొట్ట విని, నొక్కి చూశాడు. కాస్త మెత్తబడిందన్నాడు. కానీ సైగలు నమ్మి ఆపలేను, ఆమె నోటితో చెప్పాలి, సూటిగా అడగండి అన్నాడు.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. అత్తగారి పాదం పట్టుకుని కొరియా ఆవిడ నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, గాలి పోతోందాండీ? దాచకండి. మళ్ళీ కోస్తానంటున్నారు."

దుప్పటి మెల్లగా ఆవిడ తలమీదికి పాకింది. లోపలినుంచి గొంతు వచ్చింది.

"పోతోందండి. నిన్న సాయంత్రం నుంచీ."

ఆవిడ నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. సర్జన్‌కి చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు. థియేటర్ వద్దనేశారు. పేగులు సూదులకి కదిలాయా, మందులకి కదిలాయా అంటే ఆయనా చెప్పలేనన్నాడు, కొరియా ఆవిడా తన వల్లే అనలేదు.

ఇంటికొచ్చాక, యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తయ్యాక, సర్జన్ సరేనన్నాక, కొరియా కషాయం మొదలైంది. అత్తగారు మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళిపోయారు. ఒకరోజు కషాయం గ్లాసు అందిస్తూ మా ఆవిడ కోప్పడింది.

"అంత భయపెట్టావే! మళ్ళీ కోస్తారని తెలీదా నీకు?"

"తెలీకేమే. ఆ డాక్టరు చెయ్యి ఇలా కత్తిలా ఆడించి చూపించలేదూ?"

"మరి చెప్పొచ్చు కదా అమ్మా?"



"అల్లుడుగారి ముందు ఆ మాట అనేకంటే కోయించుకోవడమే నయం అనుకున్నానే. ఆయనే నోరు తెరిచి అడిగేశారు గనక చెప్పాను."

సోఫాలో నా చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఆసుపత్రిలో అన్ని రోజులూ పడ్డ భయం కంటే అప్పుడు వేసిన భయమే ఎక్కువ.