చెవి వెనక పుండు

అరవైల చివర ఉద్దానంలో పశువుల డాక్టరుగా చేరాను. మూలపేట నుంచి ఒక ముసలమ్మ గంపలో పిల్లిని తెచ్చింది. దాని చెవి వెనక పుండు. ఆ జీడితోటల సీమలో ఏ పుండు చూసినా జీడిపిక్కల నూనె తగిలి కాలిందనే అనేవాణ్ణి.

"మా ఇంట జీడి నేదు బాబూ, మాది సేపల యేట" అంది.

విసుక్కుని, వేలితో నొక్కి అయినా చూడకుండా మలాం ఇచ్చి పంపాను.

రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. పుండు కింద నిమ్మకాయంత గడ్డ, మెడలో బిళ్ళలు కట్టిన వాపు. అప్పుడు ముక్క కోసి పరీక్షకు పంపాను. చెమట గ్రంథిలో పుట్టిన కాన్సరని జవాబు వచ్చేసరికి పిల్లి చచ్చిపోయింది.

ఆ కబురు చెప్పడానికి వచ్చిన ముసలమ్మకు కాగితం చదివి వినిపించాను. ఆమె ఖాళీ మలాం డబ్బా నా బల్ల మీద పెట్టింది.

"పూట తప్పకండా రాసినాను బాబూ. నానేటి తప్పు సేసినాను?"