ముసురులో సూర్యదర్శనం

మొన్న పేపర్లో, లడఖ్ ఆకాశంలో ఎర్రని ధ్రువకాంతి, అదే అరోరా, కనిపించిందన్న వార్త చదివాను. అలాంటి కాంతుల వెనకాల లెక్కలు కడుతూనే నా ఉద్యోగజీవితమంతా గడిచినా, ఆ వార్త చూడగానే గుర్తొచ్చింది మాత్రం అంబాజీపేటలోని మా నాయనమ్మ.

తొంభయ్యో దశకం చివర్లో నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. ధ్రువాల మీద, మేఘాలకు ఎంతో పైనుండే పలచని గాలి ఎలా వేడెక్కుతుందో, ఎటు వీస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. అందుకు ముఖ్యంగా కావలసినవి మూడు: ఎండ, భూమి అయస్కాంత క్షేత్రం, సూర్యుడి నుంచి దూసుకొచ్చే రేణువులు. నాయనమ్మ వీటిలో మొదటిదాన్నే పట్టించుకునేది. సూర్యదర్శనం కానిదే మెతుకు ముట్టని నియమం ఆవిడది.

ఆ ఆషాఢంలో నేను సెలవుకి వచ్చేసరికి ముసురు పట్టి ఉంది. నాయనమ్మ రెండు రోజులుగా మంచినీళ్ళ మీదే ఉంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరుగారు కేకలేసినా, అమ్మ బతిమాలినా వినలేదు. నాన్నగారు ఉండబట్టలేక, "నీ మనవడు సూర్యుడి మీదే కదమ్మా చదువుతున్నాడు, ఓసారి బయటికి రమ్మని కబురెట్టమను!" అన్నారు.

నాయనమ్మ నవ్వలేదు. ధ్రువాల దగ్గర నెలల తరబడి సూర్యుడు రాడని నేనెప్పుడో చెప్పింది తలుచుకుని, "అన్నాళ్ళూ అక్కడివాళ్ళు ఏం తింటార్రా, పాపం?" అంది.

"తింటారు నాయనమ్మా. కనపడకపోయినా ఆయన ఎక్కడున్నాడో వాళ్ళకి తెలుసుగా."

"నీకు తెలుసేంటి?"

"ఆయ్, తెలుసు."

"అయితే చూపించు."

ఏ చోట, ఏ వేళ, సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో కట్టడమే మా లెక్కల్లో మొదటి మెట్టు. గడియారం చూసి, మనసులోనే లెక్క కట్టుకుని, ఆవిడని మెల్లగా వాకిట్లోకి నడిపించుకెళ్ళి, ఆ తుంపరలోనే ఆవిడ చెయ్యి పట్టుకుని తూర్పుకి కాస్త ఉత్తరంగా, పక్కింటివారి కొబ్బరిచెట్ల తలల మీదుగా ఎత్తాను. అక్కడ బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు.

"ఖాయమేనా?" అంది. ఖాయమేనన్నాను.

చెయ్యి విడిపించుకుని, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. లోపలికొచ్చి అమ్మతో, "అన్నం పెట్టమ్మా. చారు వేడిగా ఉందా?" అంది.

ఆపైన ముసురు పట్టినప్పుడల్లా నా హాస్టలుకి ఫోను చేయించి, "ఎటున్నాడురా?" అని అడిగేది. తర్వాతి రోజుల్లో నా లెక్కల్ని ఉపగ్రహాల కొలతలతో పోల్చి చూసినవాళ్ళు, తప్పులు పట్టినవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాటికి చేతులు జోడించిన మనిషి మాత్రం ఆవిడొక్కతే.

ఇప్పుడు ఉపగ్రహాలు తీసే సూర్యుడి ఫొటోలు నిమిషాల్లో అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఆయన కోసం మా ఇంట్లో ఎవరూ పస్తుండరు, అది నయమే. ముసురు రోజున మాత్రం, ఎవరూ అడగకపోయినా, ఆయన ఎటున్నాడో లెక్క కట్టుకుని గానీ నేను కంచం ముందు కూర్చోలేను.