పద్నాలుగు సిట్టింగులు

2022. ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. టికిరిలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటి నుంచి, నేను పిన్నీ అని పిలిచే పార్వతమ్మ వచ్చింది. ముట్లుడిగిన ఆరేళ్లకు ఆమెకు మళ్ళీ రక్తం కనిపించింది. మళ్ళీ ముట్టు మొదలైందనుకుని వంటింటికీ దేవుడి గదికీ దూరంగా ఏడు నెలలు పెరటి వరండాలో కూర్చుంది. ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బయాప్సీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. నయమయ్యే దశేనని చెప్పి డాక్టరు విశాఖపట్నం పంపారు. బయటినుంచి మిషనుతో ఇచ్చే ఎక్స్‌టర్నల్ రేడియేషన్ ఇరవై అయిదు సిట్టింగులు. ఆ తర్వాత బ్రాకీథెరపీ, అంటే లోపల గడ్డ దగ్గరే రేడియేషన్ పెట్టడం. రెండూ పూర్తి కావాలని కాగితం మీద రాసి ఆమె భర్త చేతికిచ్చాను.

మూడో వారం పిన్ని ఫోన్ చేసింది. అప్పటికి పద్నాలుగు సిట్టింగులయ్యాయి.

“అమ్మీ, రగతం ఆగిపోనాది.”

“మంచి మాట సెప్పినావు పిన్నీ. వైద్యం పనిసేస్తంది.”

“అయితే మైల పోయినట్టేనా? దేవుడికి దీపం ఎట్టుకోవచ్చునా?”

అది మైల కాదు, జబ్బు అని అప్పటికే పదిసార్లు చెప్పి విసిగిపోయాను. ఆ గొంతులో సంతోషం విన్నాక మళ్ళీ వాదించబుద్ధి కాలేదు.

“పోయినట్టే పిన్నీ. ఎట్టుకో,” అన్నాను.

విశాఖలో వాళ్ళు దిగిన లాడ్జి గదిలోనే పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె మర్నాడే రైలెక్కి ఇంటికి వచ్చేసింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

అయిదు నెలలకు కాళ్ళవాపుతో మా ఆసుపత్రికి వచ్చింది. రక్తం మళ్ళీ మొదలైంది. మధ్యలో ఎందుకు మానేశారని భర్తను గట్టిగా అడిగాను.

“నర్సమ్మా, నువ్వే గదా మైల పోనాదని సెప్పినావు. తగ్గిపోనాదనుకున్నాం,” అన్నాడాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మిగిలిన గడ్డ పెరిగి కిడ్నీల దాకా ఇబ్బంది తెచ్చిందని, ఇక నొప్పి తగ్గించే మందులేనని విశాఖ డాక్టర్లు చెప్పారు.

“ఏటమ్మి, అలా సూస్తావు? అయిదు నెలలు నా సేత్తో దీపం ఎట్టుకున్నాను. అది సాలు,” అంది పిన్ని. నాకు చాలలేదు. ఆమె మంచం మళ్ళీ పెరటి వరండాకే చేరింది. రెండు నెలలకు అక్కడే పోయింది.

రక్తం ఆగితే గడ్డ లొంగుతోందని మాత్రమే అర్థం. ఇప్పుడెవరైనా సంబరంగా ఫోన్ చేస్తే, ఎన్ని సిట్టింగులు మిగిలాయని ముందు అడుగుతాను. కటువు మనిషినని పేరొచ్చింది. రానీ. మైల మాటెత్తితే మాత్రం ఊరుకోను. అది జబ్బు అని పదకొండోసారి కూడా చెబుతాను.