పక్క సీట్లో తుపాకీ

వర్జీనియా అడవుల్లో జింకల వేటకి ఏటా ఇద్దరం వెళ్లేవాళ్లం, నేనూ, ఆఫీసులో నా పక్క టేబుల్ వాడూ. ఎనభైల మధ్యలో వాడు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. ఆ ఏడు ఒక్కణ్నే వెళ్లాను.

పొద్దుటినుంచీ ముసురు. ఆ వానని తిట్టుకుందామన్నా వినే మనిషి లేడు. నాది మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ. మందు తడిసిందంటే అది ఉత్త కర్ర. అందుకని వాడు నేర్పినట్టే దాని మూతికి పిల్లల బెలూన్ తొడిగాను.

మధ్యాహ్నానికి చలికి ఆగలేక కారెక్కి హీటర్ వేశాను. "గన్ మాత్రం లోపలికి తేకురా. చల్లటి ఇనుముకి వేడి తగిలి చెమట పట్టి పౌడర్ నానిపోతుంది" అని వాడు ప్రతిసారీ ప్రాణం తీసేవాడు. దాన్ని బయటే చెట్టుకి ఆనించి వచ్చేవాళ్లం. ఆ రోజు నేను మందుని అంటించే చిన్న రాగి క్యాప్ తీసేసి, తుపాకీని పక్క సీట్లో పెట్టుకున్నాను.

సాయంత్రం జింక వచ్చింది. కొత్త క్యాప్ పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. క్యాప్ టప్పుమంది, మందు అంటుకోలేదు. జింక నావైపు ఓసారి చూసి, తాపీగా వెళ్లిపోయింది.

వాడి మాట మర్చిపోయి కాదు. వాడున్నన్నాళ్లూ ఆ సీటు ఖాళీగా ఉండేది కాదు.